సైబర్ సెక్యూరిటీ ప్రొఫెసర్ ఉద్యోగం: ఎక్కడ చేరితే మేలు?

మీ ల్యాబ్‌లో రూట్ పాస్‌వర్డ్, అంటే కంప్యూటర్ మీద పూర్తి అధికారమిచ్చే తాళం, ఎవరి దగ్గర ఉంటుంది? సైబర్ సెక్యూరిటీ బోధన ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తున్నామని ఎవరైనా చెబితే, ముందు ఈ ప్రశ్న అడిగి రమ్మంటాను. జీతం సంగతి ఎలాగూ చెబుతారు. ఇది మాత్రం చేరాక గాని బయటపడదు.

నాకు అలాగే తెలిసింది. ఆరేళ్లు ఒక కంపెనీ భద్రతా పర్యవేక్షణ కేంద్రంలో రాత్రి షిఫ్టులు చేసి, చదువు చెప్పాలన్న కోరికతో నగర శివారులోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో చేరాను. తొలి సెమిస్టర్‌లోనే, నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్కలను, అంటే ప్యాకెట్లను, వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో పట్టి చూసే ల్యాబ్ వచ్చింది. గుప్తీకరణ లేని చిన్న లాగిన్ పేజీ ఒకటి నా ల్యాప్‌టాప్‌లో తయారుచేసి పెట్టుకున్నాను. పిల్లలు ఏదో ఒక ఉత్తుత్తి పాస్‌వర్డ్ కొట్టాలి, తాము పంపిన ప్యాకెట్‌లో అది అక్షరం పొల్లుపోకుండా వాళ్లకే కనబడాలి. వైర్‌షార్క్ తెరుచుకుంది. నెట్‌వర్క్ కార్డుల జాబితా ఉండాల్సిన చోటు ఖాళీ. మామూలు లాగిన్‌కు ప్యాకెట్లు పట్టే అనుమతి లేదు. ఆ అనుమతి ఇవ్వడానికి కావలసిన రూట్ పాస్‌వర్డ్ ల్యాబ్ టెక్నీషియన్ దగ్గర ఉంది, ఆయన మేనకోడలి పెళ్లికి అన్నవరం వెళ్లారు. అరవై మందికి రెండు గంటలపాటు సుద్దముక్కతో బోర్డు మీద ప్యాకెట్ బొమ్మ గీశాను.

వారం తర్వాత ఒక కుర్రాడు రికార్డు పుస్తకం తెచ్చాడు. తాను ఎన్నడూ చూడని వైర్‌షార్క్ తెరను పెన్సిల్‌తో, స్కేలు పెట్టి, గడులతో సహా చక్కగా గీశాడు. కింద ‘ఫలితం: ప్యాకెట్లు విజయవంతంగా పట్టబడినవి’ అని రాశాడు. సంతకం పెట్టింది నేనే.

గణితం చెప్పేవారికి పాతికేళ్ల నాటి నోట్సు కూడా పనికివస్తుంది. మనకు ఆ సౌకర్యం లేదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో లొసుగు బయటపడింది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీ సంగతి తెలిసింది. ఎవరో రెండేళ్లకు పైగా ఓపికగా నమ్మకం సంపాదించి అందులో దొంగదారి పెట్టారు. ఇలాంటివి జరిగిన మరుసటి వారానికల్లా తరగతిలో విప్పి చూపగలిగినవారే ఈ విద్యకు గురువులు. అందుకే ఈ ఉద్యోగానికున్న దారులను నేను ఒకే కొలతతో కొలుస్తాను. పదేళ్ల తర్వాత కూడా నా చేతులు కీబోర్డు మీద ఉంటాయా?

ప్రైవేటు కళాశాల

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ ఖాళీలు ఇక్కడే. గత ఐదారేళ్లలో కంప్యూటర్ సైన్స్ పక్కన సైబర్ సెక్యూరిటీ అని చేర్చిన బీటెక్ సెక్షన్లు విరివిగా వచ్చాయి. తెలంగాణ ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సీఎస్‌సీ అనే కోడ్ వాటిదే. సీట్లు వచ్చినంత వేగంగా చెప్పేవాళ్లు రాలేదు. నిన్నటిదాకా డేటా స్ట్రక్చర్స్ చెప్పినవారికే ఎథికల్ హ్యాకింగ్ అప్పగించిన చోట్లు బోలెడు. కాబట్టి నిజంగా ఒక దాడిని గుర్తించి ఆపిన అనుభవం మీకుంటే గౌరవం దక్కుతుంది.

అర్హత కూడా పెద్ద గోడేమీ కాదు. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు బీటెక్, ఎంటెక్ ఉండి, రెండింటిలో ఏదో ఒకదానిలో ఫస్ట్ క్లాస్ ఉంటే చాలు. పీహెచ్‌డీ లేకుండా అసోసియేట్ మెట్టు ఎక్కలేరు. దానికి ఎనిమిదేళ్ల అనుభవం, జర్నల్ వ్యాసాలు కూడా కావాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన రంగంలో మేలైన పరిశోధన జర్నళ్లకంటే సదస్సుల్లోనే ఎక్కువగా వెలువడుతుంది. ఓక్లాండ్ అని అందరూ ముద్దుగా పిలిచే ఐఈఈఈ సదస్సు, యూజ్‌నిక్స్ సెక్యూరిటీ, ఏసీఎం సీసీఎస్, ఎన్‌డీఎస్ఎస్ అనే నాలుగింటిలో ఒక్క వ్యాసం రావడం చాలామందికి జీవితకాలపు ముచ్చట. పదోన్నతి ఫారంలో గడి ఉండేది జర్నల్‌కు. అలా మంచి పరిశోధకులు కూడా లెక్క కోసం ఊరూపేరూ లేని జర్నళ్లకు రాసి పెడుతుంటారు.

జీతం విషయంలో కాగితానికీ బ్యాంకు ఖాతాకూ పొంతన ఉండదు. ఏడో వేతన సంఘం లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 రూపాయల దగ్గర మొదలు కావాలి. చాలా కళాశాలలు ‘కన్సాలిడేటెడ్’ అని ఒక గుండుగుత్త అంకె చెబుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయిన ఏడాది ఆ అంకె కూడా నెలలు ఆలస్యంగా వస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ బీరువాలో పెట్టుకునే అలవాటు కొన్నిచోట్ల ఇంకా పోలేదు. అలా పెట్టుకోకూడదని ఏఐసీటీఈ చెప్పిన మాటను ఇంటర్వ్యూలోనే మర్యాదగా గుర్తుచేయండి. నేను చేయలేదు. పీహెచ్‌డీ ప్రవేశానికి సర్టిఫికెట్లు కావలసి వచ్చినప్పుడు మూడు వారాలు తిరిగాను.

ఇక సమయం. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన అని నిబంధన. అంతే అయితే ఎవరికీ బాధ లేదు. దాని చుట్టూ గుర్తింపు సంస్థలైన న్యాక్, ఎన్‌బీఏల ఫైళ్లు, ఒక్కో సబ్జెక్టు ఫలితాలను డిగ్రీ ఫలితాలతో జతచేసే సీవో-పీవో మ్యాపింగ్ పట్టికలు, అధ్యాపకుడిగా వర్సిటీ ఆమోదం (రేటిఫికేషన్), వేసవిలో ఇంటర్ కళాశాలల చుట్టూ అడ్మిషన్ల ప్రచారం ఉంటాయి. సిలబస్ సంగతీ చూసుకోవాలి. జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో 2018 నాటి ఆర్18 సిలబస్ తర్వాత 2022లో ఆర్22 వచ్చేదాకా పాఠ్యాంశం కదల్లేదు. సిలబస్ తానే పెట్టుకునే అటానమస్ కళాశాలైతే, దాన్ని తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో మాట్లాడి ఒక ఎలక్టివ్‌ను మార్చుకోవచ్చు. ప్రైవేటులో చేరక తప్పదనుకుంటే అటానమస్‌నే ఎంచుకోండి. జీతం ఐదు వేలు తక్కువైనా నా సలహా ఇదే.

ఇక్కడ దొరికే ఒక సుఖం మరెక్కడా దొరకదు. కొత్తగా చూసే కళ్లు. సెక్షన్‌కు అరవై మందిలో నలుగురైదుగురు రాత్రంతా మేలుకొని సీటీఎఫ్ అనే హ్యాకింగ్ పోటీలు ఆడతారు. వాళ్లలో ఒకరిద్దరు మీకంటే ముందుకు పోతారు. 2022 జనవరిలో హైదరాబాద్‌లో ఒక సహకార బ్యాంకు నుంచి సుమారు 12 కోట్ల రూపాయలు దొంగల ఖాతాలకు వెళ్లాయి. సిబ్బందికి వచ్చిన మెయిళ్ల ద్వారా లోపలికి దూరారని పోలీసులు వివరించారు. ఆ కేసును మెట్టు మెట్టుగా బోర్డు మీద పెట్టిన రోజున చివరి బెంచీ కూడా ఫోను పక్కన పెట్టింది. 2017 మేలో వానాక్రై అనే డబ్బు గుంజే వైరస్ తాకిన వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లూ ఉన్నాయని చెప్పినా అంతే. మన ఊరి కేసు చెవికి వేరుగా వినబడుతుంది.

ఐఐటీ, ఎన్‌ఐటీ, ట్రిపుల్ ఐటీ

ఇక్కడికి ప్రవేశ రుసుము పీహెచ్‌డీ, చెల్లించేది వయసుతో. డబ్బు లెక్క కూడా చేసుకుందాం. మీరు ఇప్పుడు ఏడాదికి 12 లక్షలు తెచ్చుకుంటున్నారనుకోండి. పరిశోధక విద్యార్థికిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం పక్కన పెడితే ఐదేళ్లలో మీరు వదులుకునేది సుమారు 36 లక్షలు, మధ్యలో రావలసిన జీతం పెంపులు కాకుండా. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ దొరికితే నెలకు 70,000తో మొదలై 80,000 దాకా పోతుంది కాబట్టి లోటు 15 లక్షలకు దిగుతుంది. ఇంటి అప్పు వాయిదాలు నడుస్తున్నవారు ఈ లెక్క చేయకుండా రాజీనామా పంపకండి. కంపెనీలో ఉంటూనే ఎక్స్‌టర్నల్‌గా నమోదు చేసుకునే వీలు చాలా సంస్థల్లో ఉంది. అయితే రాత్రి పదకొండు తర్వాత సాగే పరిశోధన ఎంత దూరం పోతుందో మీ ఒంటికి తెలుసు.

ఆ గడప దాటాక పరిస్థితి మారుతుంది. పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం ఉంటే ఐఐటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1గా 1,01,500 మూల వేతనం, అసోసియేట్‌కు 1,39,600, ప్రొఫెసర్‌కు 1,59,100. భత్యాలు అదనం. ప్రకటనల్లో ‘35 ఏళ్లలోపు వారికి ప్రాధాన్యం’ అన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని పెద్ద అక్షరాలుగా చదవండి. సెమిస్టర్‌కు ఒకటి రెండు కోర్సులు చెబితే సరిపోతుంది. మిగతా సమయం మీది. వారానికి ఒక రోజు లెక్కన కన్సల్టెన్సీ కూడా చేసుకోవచ్చు, కాబట్టి బయటి నెట్‌వర్కుల వాసన పోదు.

ఏ సంస్థ అన్నదానికంటే, మీరు చేయదలచిన పని ఎక్కడ జరుగుతోందో చూడండి. చిప్ నుంచి వెలువడే విద్యుత్ హెచ్చుతగ్గులు చదివి రహస్య తాళాన్ని లాగే విద్య మీది అయితే ఐఐటీ ఖరగ్‌పుర్ వైపు చూడండి. అక్కడ దేబ్‌దీప్ ముఖోపాధ్యాయ్ ఆ రంగంలో చేసిన పనికి 2021 భట్నాగర్ బహుమతి వచ్చింది. విద్యుత్ కేంద్రాలు, నీటి సరఫరా వంటి వాటి భద్రత అయితే ఐఐటీ కాన్పుర్‌లోని సీ3ఐ హబ్. ప్రాసెసర్‌నే మొదటి నుంచి కట్టాలనుకుంటే శక్తి ప్రాసెసర్ పుట్టిన ఐఐటీ మద్రాస్. క్రిప్టోగ్రఫీ సిద్ధాంతానికి ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో సీ-స్టార్ కేంద్రం ఉంది. మన పిల్లల తల్లిదండ్రులు దాన్ని బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీలతో కలిపేస్తారు గాని అది వేరు, 1998లో మొదలైంది. బ్యాంకుల భద్రత మీద మనసుంటే రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో పెట్టిన ఐడీఆర్‌బీటీని మరచిపోవద్దు. ప్రొఫెసర్ ఉద్యోగాల గురించి మాట్లాడుకునేటప్పుడు దాని పేరు ఎవరికీ గుర్తురాదు, ఎందుకో!

కష్టాలు లేవని కాదు. మంచి ఆసిలోస్కోప్ ఒకటి కొనాలంటే ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్, కొనుగోలు కమిటీ, అందరికంటే తక్కువ ధర చెప్పిన ఎల్-1 సరఫరాదారు. చివరికి మీరు అడిగినది కాక దానికి దూరపు చుట్టం ఒకటి వచ్చి బల్ల మీద కూర్చుంటుంది. పీహెచ్‌డీ విద్యార్థులు దొరకడం ఇంకా కష్టం. బాగా చేయగలిగిన కుర్రాడికి మన 37,000 కంటే మూడింతలు ఇచ్చే కంపెనీ గచ్చిబౌలిలోనే ఉంది.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల గురించి రెండు మాటలు. వేతన స్కేళ్లు మంచివే, పేరూ ఉంది. కానీ ఏళ్ల తరబడి శాశ్వత నియామకాలు జరగక కాంట్రాక్టు అధ్యాపకులతో నెట్టుకొస్తున్న విభాగాలు ఎన్నో. నోటిఫికేషన్ వచ్చినా కోర్టు గడప తొక్కకుండా పూర్తయ్యే రోజు ఎప్పుడో చెప్పలేం. దరఖాస్తు పెట్టండి, దాని మీద జీవితం మాత్రం కట్టుకోకండి.

అమెరికా, యూరప్

పీహెచ్‌డీకి విదేశం వెళ్లినవారు అక్కడే ఆచార్యులుగా స్థిరపడటం మన ఇళ్లల్లో మామూలే. అమెరికాలో ఈ విద్యకు పునాది గట్టిది. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జీన్ స్పాఫర్డ్ 1998లో సీరియస్ అనే కేంద్రాన్ని స్థాపించారు. కార్నెగీ మెలన్‌లో సైల్యాబ్ 2003 నుంచి ఉంది. ముఖ్య పరిశోధన విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ సైన్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతం లక్ష డాలర్లకు పైమాటే. అది తొమ్మిది నెలల జీతం. వేసవి మూడు నెలలది గ్రాంటు తెచ్చి మీరే సంపాదించుకోవాలి. టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగం, దక్కాలంటే దాదాపు ఆరేళ్ల పరీక్ష. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) ఇచ్చే కెరీర్ అవార్డు, అంటే ఐదేళ్లకు కనీసం నాలుగు లక్షల డాలర్లు, ఆ ఆరేళ్లలో వస్తే ఊపిరి ఆడుతుంది.

మిగతా శాఖల వారికి లేని చిక్కొకటి సైబర్ సెక్యూరిటీ వారికి ఉంది. రక్షణశాఖ డబ్బుతో జరిగే పనుల్లో కొన్నిటికి సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూసే అనుమతి, కావాలి, అది అమెరికా పౌరులకే. అక్కడి ప్రభుత్వమిచ్చే సైబర్‌కోర్ ఉపకార వేతనాలు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే. కాబట్టి పక్క గదిలోని సహోద్యోగికి అందే గ్రాంట్లలో కొన్ని మీ వీసా మీద అందవు. 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవారి కోసం పెట్టే కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము కూడా వచ్చిపడింది. యూరప్ జీతాలు అమెరికాతో తూగవు, కానీ ఈ విద్యలో కొన్ని చోట్లు శిఖరాలు. ఈనాడు మన ఫోన్లన్నీ వాడే ఏఈఎస్ గుప్తీకరణ బెల్జియం వాసులు దేమన్, రైమెన్‌ల సృష్టి. 2018లో ప్రాసెసర్లను వణికించిన మెల్ట్‌డౌన్ లొసుగును బయటపెట్టినవారిలో ఆస్ట్రియాలోని గ్రాట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారున్నారు. జర్మనీలో సార్‌బ్రుకెన్‌లోని సిస్పా సంస్థ పూర్తిగా ఈ రంగానికే.

నా దృష్టిలో విదేశాల అసలు మేలు డబ్బు కాదు, చట్టం. లొసుగు కనిపెట్టడమే మన వృత్తి. కనిపెట్టాక ఏమవుతుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. 2001లో ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్ ఫెల్టెన్ పాటల కాపీ రక్షణను ఎలా ఛేదించారో సదస్సులో చెప్పబోతే సంగీత పరిశ్రమ బెదిరింపు లేఖ పంపింది. ఆయన ఏప్రిల్‌లో వెనక్కి తగ్గారు, కోర్టుకెక్కారు, ఆగస్టులో యూజ్‌నిక్స్ వేదిక మీద చెప్పేశారు. 2022 మేలో అమెరికా న్యాయశాఖ, సదుద్దేశంతో చేసే భద్రతా పరిశోధన మీద కేసులు పెట్టవద్దని తన న్యాయవాదులకు విధానపత్రం ఇచ్చింది.

ఇటు చూడండి. ఫెల్టెన్ శిష్యుడే అలెక్స్ హాల్డర్‌మన్. ఆయన మిషిగన్ నుంచి, హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్ ఇక్కడి నుంచి, నెదర్లాండ్స్ వాసి రాప్ హాంగ్‌రైప్‌తో కలిసి 2010లో భారత ఓటింగ్ యంత్రంపై అధ్యయనం చేశారు. ఆ ఆగస్టులో యంత్రం దొంగతనం ఆరోపణపై మహారాష్ట్ర పోలీసులు హరిప్రసాద్‌ను హైదరాబాద్‌లోని ఇంట్లో అరెస్టు చేశారు. ఆ ఏడాదే వారి వ్యాసం సీసీఎస్‌లో వెలువడింది. ఆ యంత్రం మంచిచెడ్డల మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. ఒకే వ్యాసం కింద ఉన్న పేర్లలో ఎవరికి ఏమైందో మాత్రం ఈ వృత్తిలోకి వచ్చేవారు తెలుసుకోవాలి. మన ఐటీ చట్టంలోని 43, 66 సెక్షన్లు అనుమతి లేని ప్రవేశాన్ని పట్టుకుంటాయి, పరిశోధకుడికంటూ ప్రత్యేక మినహాయింపు రాసి లేదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు లొసుగులు తెలియజేసే మార్గం ఉంది, ఒక్కో లొసుగును ప్రపంచమంతా గుర్తుపట్టే సీవీఈ సంఖ్యలు ఇచ్చే అధికారమూ దానికి ఉంది. ఆ దారినే పొండి. మీ విద్యార్థి ఉత్సాహంగా ‘సార్, కరెంటు బిల్లు సైటులో రంధ్రం దొరికింది’ అని వస్తే ముందు తలుపు వేసి, ఏం చేశాడో తేదీలతో రాయించండి.

కంపెనీలో ఉంటూ పాఠం చెప్పడం

నలభై దాటినవారికి, పీహెచ్‌డీ మీద మమకారం లేనివారికి యూజీసీ 2022లో తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పదవి పనికివస్తుంది. 15 ఏళ్ల వృత్తి అనుభవం కావాలి, పీహెచ్‌డీ అక్కరలేదు, మొత్తం మీద నాలుగేళ్లకు మించదు. పెన్షన్ చూసుకునేవారికి నచ్చదు. చేతి పని ఆగకూడదన్న నా కొలతతో చూస్తే మాత్రం అన్నిటికంటే ఇదే మొదటి వరసలో నిలుస్తుంది, ఎందుకంటే నిన్న రాత్రి చూసిన అలర్ట్‌నే ఈ ఉదయం తరగతికి తేవచ్చు. కంపెనీ పేరు, ఖాతాదారుల వివరాలు తీసేసి చెప్పాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఇంతకూ ఎవరు ఎటు? ముప్పై లోపు వయసు, అప్పుల్లేవు, ఒకే సమస్యను రెండేళ్లు తవ్వే ఓపిక ఉన్నాయంటే ఐఐటీ స్థాయి పీహెచ్‌డీకి వెళ్లండి. ఇక్కడా అక్కడా అని తర్వాత తేల్చుకోవచ్చు, అమెరికా వీసా సంగతి ఈ ఏడాది ఉన్నట్టు వచ్చే ఏడాది ఉండదు. ఇంటి బాధ్యత మీద ఉండి, పాఠం చెప్పడమే ప్రాణం అయితే అటానమస్ ప్రైవేటు కళాశాల, పక్కన ఎక్స్‌టర్నల్ పీహెచ్‌డీ. ‘కంపెనీ పని విసుగెత్తింది, ప్రొఫెసర్ అయితే ప్రశాంతంగా ఉంటుంది’ అనుకునేవారు ఏ దారీ పట్టవద్దు. ముందు ఒక సెమిస్టర్ గెస్ట్ ఫ్యాకల్టీగా శనివారాలు చెప్పి చూడండి. అన్నట్టు, ఎక్కడ చేరినా ఒకటి తప్పదు. సైబర్ ప్రొఫెసర్ అని తెలిసిన రోజు నుంచి డబ్బు పోగొట్టుకున్న బంధువులందరూ మీకే ఫోన్ చేస్తారు. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయమని చెప్పండి, మిగతా మాటలు తర్వాత.

ఇంటర్వ్యూకు పోయినప్పుడు రూట్ పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో మూడు సంగతులు కనుక్కోండి. సెక్యూరిటీ ల్యాబ్‌కు కళాశాల నెట్‌వర్క్ నుంచి విడదీసిన సొంత నెట్‌వర్క్ ఉందా? కంప్యూటర్లలో ర్యామ్ ఎంత? నాలుగు జీబీ అయితే వర్చువల్ మెషీన్‌లో, భద్రతా పరీక్షలకు వాడే కాలీ లినక్స్ తెరిచేలోగా పీరియడ్ గంట కొడతారు. విద్యార్థి మీద సైబర్ ఫిర్యాదు వస్తే సంస్థ తరఫున ఎవరు నిలబడతారు? ఇప్పుడు పనిచేస్తున్న చోట నేను ఈ ప్రశ్నలన్నీ అడిగాను. డీన్ గారు చివరి దానికి జవాబివ్వడానికి పావుగంట తీసుకున్నారు, ఇద్దరికి ఫోన్ చేసి కనుక్కున్నారు. పాస్‌వర్డ్ గురించి అడిగినప్పుడు మాత్రం నవ్వి, ‘మీరే పెట్టుకోండి’ అన్నారు. ఆ వారమే సంతకం చేశాను.